ఇథెల్ శాలువా

ఇంకో పాట ఉంది, ఆ తరువాత ప్రసంగం, ఆ తరువాత బాప్తిస్మం నీళ్ళు. నీళ్ళు ఎదురుగానే ఉన్నాయి, సంఘపెద్దలు కూర్చునే పీట ముందు, చిన్న బల్ల మీద, తెల్ల గుడ్డ కప్పిన గిన్నెలో. పాస్టరుగారు బిడ్డను చేతుల్లోకి తీసుకుని ఏం పేరమ్మా అని అడుగుతారు, నెస్టా చెప్పాలి. ఈ చాపెల్‌లో పేరు తల్లే చెబుతుంది. తండ్రి చెప్పకూడదని ఎవరూ అనలేదు గానీ ఎప్పుడూ అలాగే జరుగుతూ వచ్చింది. తల్లి నోట ఏది వస్తే దాన్నే పాస్టరుగారు మళ్ళీ పలికి నీళ్ళు చల్లుతారు, ఇక దాన్ని మార్చేవాడు లేడు. ఇథెల్ అని చెబుతానని నెస్టా మాట ఇచ్చింది. నిన్న వంటింట్లో, చేతులకి రొట్టెపిండి అంటుకుని ఉండగా, మొగుడు మెర్విన్ వెనక నిలబడి బతిమాలుతుంటే, సరేలే నీ ఇష్టం అంది. విసుగులో ఇచ్చిన మాట మాటేనా? మాటే. కాదని తనకి తాను ఎంత చెప్పుకున్నా మాటే. అందరూ లేచారు, తనూ లేచింది, నాలుగు గొంతులు నాలుగు దారుల్లో పోయి చివర ఒక్కచోట కలుసుకునే పాత పాట, ఆడవాళ్ళు పైకి, మగవాళ్ళు కిందికి, ఎడమ పక్కన అత్తగారు కైన్వెన్ పాడుతోంది. అదే వింత. ఆరేళ్ళు ఈ బెంచీ మీద పక్కపక్కన కూర్చున్నా నెస్టా ఆ గొంతు పాటలో వినలేదు. ఇప్పుడు ఆవిడ నోరారా పాడుతోంది, పడుచుపిల్ల గొంతులా ఉంది, డెబ్బై ఏళ్ళ మనిషిలోంచి వస్తోంది.

శాలువా బిగిసిపోయింది. పొద్దున్న అత్తగారే కట్టింది, ఇక్కడి పద్ధతిలో, ఒక కొస బిడ్డ చుట్టూ, ఇంకో కొస తల్లి భుజం మీదుగా వెనక్కి తిప్పి నడుం దగ్గర దోపి, ఇద్దర్నీ ఒకే మూటగా. నెస్టా నీలంరంగుది కొత్తది కొనుక్కుంది, అది కుర్చీ మీద మడతపెట్టినట్టే ఉండిపోయింది. కైన్వెన్ పెట్టె తెరిచి ఈ గోధుమరంగు శాలువా తీసి, "ఇదిగో, వాడిది," అంది. ఎవడిదని అడగక్కర్లేదు. కర్పూరం వాసన ఇల్లంతా నిండిపోయింది. ఇప్పుడు బిడ్డ నిద్రపోతున్నాడు, పుట్టి నెల దాటింది, ఇంకా పేరు లేదు, బాబూ అంటే బాబు, బుజ్జీ అంటే బుజ్జి. నెస్టా తల వంచి వాడి నడినెత్తి మీద ముక్కు ఆనించింది. రోజూ అలా చేస్తుంది, దొంగతనంగా, పాలూ నిద్రా కలిసిన ఆ వాసన కోసం. ఇవాళ అది లేదు. కర్పూరం ఉంది, కర్పూరం కింద తడి ఉన్ని ఉంది, దాని కింద ఇంకేదో, చాలాకాలం మూసిపెట్టిన గది తలుపు తీస్తే వచ్చేలాంటిది. మళ్ళీ వెతికింది. తన బిడ్డ తన ఒళ్ళోనే ఉన్నాడు, తన పాలు తాగి పొట్ట నిండి పడుకున్నాడు, అయినా వాసనకి దొరకలేదు. అప్పుడు భయం వేసింది. చిన్న భయం కాదు.

వాసనే అంతా. ఈ కొండల్లో ఆ సంగతి తెలియనివాళ్ళు లేరు, సముద్రం ఒడ్డు ఊళ్ళో బేకరీవాడి కూతురు నెస్టాకే తెలియక పెళ్ళైన తొలి వసంతంలో కొట్టం గుమ్మంలోనే వాంతి చేసుకుంది. పిల్ల చచ్చిపోయిన తల్లి గొర్రె ఒకటి, తల్లి చచ్చిపోయిన పిల్ల ఒకటి. ఊరికే కలిపితే తల్లి తలతో కుమ్మి తరిమేస్తుంది, పరాయి వాసన కదా. అందుకని మెర్విన్ చచ్చిన పిల్ల తోలు ఒలిచి, నాలుగు కాళ్ళకీ నాలుగు చిల్లులుంచి, బతికున్న పిల్లకి స్వెట్టరు తొడిగినట్టు తొడుగుతాడు. తల్లి వచ్చి తోక దగ్గర వాసన చూస్తుంది. చూసి, గొంతులోనే సన్నగా ఒక మోత మోగిస్తుంది, కన్నపిల్లకి తప్ప ఇంకెవరికీ చెయ్యని మోత, కాళ్ళు ఎడంచేసి పాలిస్తుంది. మోసమే గానీ రెండు ప్రాణాలు నిలిచే మోసం అని తరువాత తరువాత నెస్టాకీ ముచ్చటేసింది. కొన్నాళ్ళకి తోలు తీసెయ్యాలి. తన పాలే ఆ పిల్ల ఒంట్లోంచి వాసన వేస్తాయి గనక తల్లికి ఇక తేడా తెలియదు. తియ్యకపోతే తోలు కుళ్ళుతుంది, పిల్ల పెరుగుతుంటే బిగుస్తుంది. ఆ తియ్యడం మాత్రం మెర్విన్ వల్ల కాదు. జిల్లా మొత్తానికి తోలు తొడగడంలో అతనంత నేర్పరి లేడంటారు, విప్పే రోజు వస్తే చాకు నెస్టా చేతికిచ్చి గేటు బాగుచెయ్యాలని వెళ్ళిపోతాడు. "తొడగడం వచ్చిన మొనగాడికి విప్పడం రాదా?" అని ఎన్నిసార్లు ఏడిపించిందో. నవ్వేవాడు కాదు.

ఈ ఏడు ఒక గొర్రెపిల్లకి తోలు విప్పించడం మర్చిపోయాడు. నెస్టా ఆస్పత్రిలో ఉంది, పురుడు కష్టమైంది, ఇంటికొచ్చి బిడ్డను ఉయ్యాల్లో పడుకోబెట్టి గాలి పీల్చుకుందామని కొట్టంలోకి వెళితే, మూల కంచె వెనక ఆ పిల్ల ఉంది, తోలు ఎండి అట్టకట్టి, మెడ దగ్గర తాడులా పట్టేసి. తల్లి అవతలి వైపు తిరిగి పడుకునుంది. నెస్టా కత్తెరతో కోసింది, నెమ్మదిగా, ముందు భుజాలు, తరువాత మెడ, తరువాత కాళ్ళు. కింద అసలు ఉన్ని పాలిపోయి చెమ్మగా ఉంది. కోసిన తోలు గడ్డిలో పడింది. పిల్ల లేచి నాలుగడుగులు వేస్తుందనుకుంది, వెయ్యలేదు. తోలు దగ్గరికి జరిగి, దాన్ని మూతితో తడుముకుని, దాని పక్కనే ముడుచుకుని పడుకుంది. సీసాతో పాలు పట్టినా బతకలేదు. ఎందుకు గుర్తొస్తోంది ఇది, ప్రభువు మందిరంలో, ఇంతమంది పాడుతుంటే? పాట అయిపోయింది. బెంచీలు కిర్రుమన్నాయి, ఎవరో దగ్గారు, ముందు బెంచీలోంచి పిప్పరమెంటు బిళ్ళల పొట్లం చేతులు మారుతూ వస్తోంది, ప్రసంగం ముందు ఎప్పుడూ వస్తుంది. కైన్వెన్ రెండు తీసుకుంది. ఒకటి నోట్లో వేసుకుని, రెండోది గుప్పిట్లోనే ఉంచుకుంది.

ఇథెల్ మెర్విన్‌కి అన్న, రెండేళ్ళు పెద్ద. తొమ్మిదేళ్ళవాడు, ఈనబోయే గొర్రెలు పైన ఉండిపోయాయని మంచు పడే సాయంత్రం కొండెక్కాడు. కైన్వెన్ వెనక గుమ్మంలో నిలబడి పిలిచింది, పిలుస్తూనే ఉంది, గొంతు పోయేదాకా. మంచు కరిగాక కొండ మీది రాతిగోడ పక్కన దొరికాడు. ఆ తరువాత ఆవిడ మాట్లాడ్డం దాదాపు మానేసింది. నెస్టా కాపురానికి వచ్చేనాటికి ఆ ఇంట్లో అత్తగారి మాటలంటే టీ, తలుపు, వాన, అంతే. కొడుకుని పేరు పెట్టి పిలవడం నెస్టా ఒక్కసారీ వినలేదు. ఇదిగో అంటుంది, లేకపోతే బల్ల మీద చెంచాతో కొడుతుంది. "ఏమయ్యా, మీ అమ్మకి మెర్విన్ అంటే నోరు తిరగదా?" అని కొత్తలో అడిగితే, "చిన్నప్పట్నించీ అంతే," అని బూట్లు తుడుచుకోవడంలో పడ్డాడు. అలాంటి మనిషి, ఆస్పత్రి నుంచి బిడ్డను తెచ్చి ఒళ్ళో పెట్టగానే వంగి వాడి తల వాసన చూసింది. నెస్టా కళ్ళారా చూసింది. ముక్కు ఆనించి, ఒకసారి, ఇంకోసారి. తరువాత గొంతులోంచి సన్నగా ఒక మోత వచ్చింది. "ఇథెల్," అంది. "వచ్చావూ? ఇంతసేపా?"

అందరికీ పండగైపోయింది. ఆవిడ కూర్చుని తింటోంది, వంటింట్లో పాటలు, పోస్టు తెచ్చే కుర్రాణ్ణి ఆపి కబుర్లు. మెర్విన్ కొట్టంలోకి వెళ్ళి ఏడ్చాడు, ఏడ్చి వచ్చి, "ఒక్క పేరే కదే నెస్టా," అన్నాడు. "పేరు పెడితే ఏం పోతుంది మనకి? మా అమ్మ మాట్లాడుతోంది." ఇక్కడ పేర్లు అలాగే వస్తాయి మరి, తాత పేరు, పోయిన మావయ్య పేరు, ఊరంతా పాత పేర్లనే కోట్లలా దులిపి తొడుక్కుంటుంది, పొలం పేరే ఇంటిపేరు, హవోద్ మెర్విన్ అంటారు గానీ ఉత్త మెర్విన్ అనరు. బేకరీవాడి కూతురు వచ్చి అలా కుదరదంటే ఎవరు వింటారు. కానీ తను ఒకటి అనుకుంది, కడుపులో ఉన్నప్పుడే. ఈ ఇంటి ఆచారమే, పేరును గుమ్మంలోంచి కొండ మీదికి కేకేసి చూస్తారు, గాలికి నిలిచేదే పేరు. కుక్కలకైతే పొట్టి పేర్లు చాలు, మోట్, ఫ్లోస్, ఒక్క అరుపు. అబ్బాయి పేరు దూరం పోవాలి. అందరూ సంతకి వెళ్ళిన రోజు నెస్టా నిండు పొట్టతో వెనక గుమ్మంలో నిలబడి ఒక్కో పేరే వదిలింది. మదోగ్ గేటు దాకా పోయి పడిపోయింది. ఎమ్రిస్ గాలిలో చీలిపోయింది. బెద్విర్ బాగానే పోయింది గానీ ఎవర్నో కోప్పడ్డట్టుంది. ఎల్గన్, అంది. ఎల్గన్, అని కొండ తిరిగి అంది. రెండు కుటుంబాల్లోనూ ఆ పేరువాడు పుట్టలేదు, చావలేదు. కడుపులో బిడ్డ కాలితో తన్నాడు. ఎవరికీ చెప్పకుండా దాచుకుంది, మిఠాయి దాచుకున్నట్టు.

పాస్టరుగారు ఏదో అంటున్నారు, కాపరి గురించి, తప్పిపోయినదాని గురించి, గోడ మీద గడియారం కదులుతోంది, పాలు నిండి రొమ్ములు సలుపుతున్నాయి. ఆ సాయంత్రం, నాలుగు రోజులైందా, ఐదా. తను మేడ మీద గుడ్డలు మడతపెడుతోంది. కిందనుంచి కేక వినిపించింది, "ఇథెల్! ఇథె...ల్!" ఊపిరి ఉన్నంత దూరం లాగిన కేక. కిటికీలోంచి చూస్తే వెనక గుమ్మంలో కైన్వెన్, చంకలో బిడ్డ. బిడ్డ చంకలోనే ఉన్నాడు, ఆవిడ పిలిచేది కొండని. వాణ్ణే పిలుస్తోందా, వాణ్ణి పిలిచేదైతే వాడి మొహంలోకి చూసి పిలవాలి కదా, ఎందుకలా పైకి, గోడ వైపుకి? బిడ్డ కూడా అటే చూస్తున్నాడు. నెల పిల్లలకి అంత దూరం చూపు ఆనదని నర్సు చెప్పింది. అప్పుడు పైనుంచి అడుగులు, బరువైన బూట్ల చప్పుడు, రాళ్ళు దొర్లించుకుంటూ ఎవరో పరుగెత్తుకొస్తున్నారు, గడ్డిపొదల వెనక, చీకటి పడుతోంది, నెస్టా చేతుల్లోంచి గుడ్డలు జారిపోయాయి. మెర్విన్. మెర్వినే, ఎగరొప్పుతూ, టోపీ ఎక్కడో పారేసుకుని. "ఏంటంత పరుగు?" అంటే, "దాహమేసింది," అన్నాడు. కుళాయి దగ్గరికి వెళ్ళలేదు. అమ్మ ఎదురుగా చేతులు వేలాడేసుకుని నిలబడ్డాడు. ఆవిడ ఆ బూట్ల వంక చూసి, తృప్తిగా తలూపి, లోపలికి వెళ్ళిపోయింది.

తరువాత కూడా అదేం ప్రశ్న కాలేదు నెస్టాకి, అలసిపోయింది, బిడ్డతల్లికి నిద్ర తప్ప ఇంకో ఆలోచన ఉండదు. ఇవాళ పొద్దున్న చాపెల్ వాకిట్లో పక్క పొలం బెతి పెద్దమ్మ చెయ్యి పట్టుకుని ఆపినప్పుడే ఏదో గుచ్చుకుంది. పెద్దమ్మ శాలువా కొసని వేళ్ళ మధ్య పట్టుకుని చూసింది. "ఇది మళ్ళీ బయటికొచ్చిందా? ఏం పేరు పెడుతున్నారే అమ్మాయ్, అదేనా?"

"అదే పెద్దమ్మా. అత్తయ్య కోసం."

"అది ఆ ఇంట్లో ఇదివరకే ఒకడికి తొడిగారే. పసివాడు నోరెత్తలేదు. మేమంతా పోన్లే, తల్లి తేరుకుంటుంది అని చూస్తూ ఊరుకున్నాం."

"ఎవరికి?" అంది నెస్టా. అప్పుడే వెనకనుంచి కైన్వెన్ వచ్చింది, కొత్త టోపీ, బుగ్గలకి రంగు వచ్చింది, "ఏమే బెతీ, ఇంకా బతికే ఉన్నావూ?" అని నవ్వింది. పెద్దమ్మ శాలువా కొస వదిలేసి లోపలికి నడిచింది. ఎవరో తాత అయ్యుంటాడు, పాత కథ, అనుకుంది నెస్టా. అనుకుని, కొక్కేనికి వేలాడే ఆ చిన్న కోటు ఎందుకు గుర్తొచ్చిందో, గొర్రెల కొట్టం తలుపు వెనక, ఎవరూ తియ్యరు, ఎవరూ తొడగరు. తొమ్మిదేళ్ళవాడి కోటు. దాని చేతులు లోపలికి మడిచి కుట్టి ఉన్నాయి, ఇంకా చిన్నవాడికి సరిపోయేలా. ఆరేళ్ళు రోజూ చూసింది. ఇప్పుడు, ఈ బెంచీ మీద, ఆ కుట్లు కనిపిస్తున్నాయి. కుడి పక్కన మెర్విన్ టోపీ మోకాళ్ళ మీద పెట్టుకుని అంచు తిప్పుతున్నాడు, తిప్పుతున్నాడు.

"బిడ్డను తీసుకురండి," అన్నారు పాస్టరుగారు. ప్రసంగం ఎప్పుడైపోయింది? గిన్నె మీద గుడ్డ తీశారు. ఆ మాటకే నిద్ర లేచాడో ఏమో బిడ్డ ఒక్కసారిగా గుక్కపట్టాడు, మొహం ఎర్రగా, శాలువా లోపల కాళ్ళు తన్నుకుంటూ, తన్నడానికి చోటు లేక ఇంకా గట్టిగా. కైన్వెన్ ఇటు తిరిగింది. చాపెల్ అని గొంతు తగ్గించలేదు. వెనక గుమ్మంలో నిలబడి పిలిచినట్టే పిలిచింది.

"ఇథెల్!"

బిడ్డ ఏడుపు ఆపలేదు.

"ఇక్కడే ఉన్నానమ్మా."

కుడి పక్కనుంచి వచ్చింది ఆ మాట. మెర్విన్ సగం లేచి నిలబడ్డాడు, టోపీ కింద పడింది. గొంతు నలభై దాటిన మనిషిదే. అందులో ఉన్న కంగారు మాత్రం దెబ్బలకి భయపడే పిల్లాడిది. తను పలికినట్టు తనకే తెలిసినట్టు లేదు, అమ్మ వంకే చూస్తున్నాడు, సరిగ్గా పలికానా అన్నట్టు. నెస్టా చుట్టూ చూసింది. ఎవరూ తలెత్తలేదు. చాపెల్‌లో ఉన్న ముసలివాళ్ళంతా పాటల పుస్తకాల్లోకి చూస్తున్నారు, బెతి పెద్దమ్మ కళ్ళు మూసుకుంది, ఒక్కరి మొహంలోనూ ఆశ్చర్యం లేదు. వాళ్ళు ఇది ఇంతకుముందు విన్నారు. ఎన్నో ఆదివారాలు, ఇదే బెంచీ మీద, చేతులు మడిచి కుట్టిన కోటులో ఒక ఏడేళ్ళవాడు, పిలిస్తే పలికేవాడు, పలికితేనే తల్లి అన్నం పెట్టేదేమో, పలికితేనే తల వాసన చూసేదేమో. మరి మెర్విన్ ఏమయ్యాడు? మెర్విన్ అనేవాణ్ణి ఎవరు పిలిచారు అన్నాళ్ళూ? చాకు తన చేతికిచ్చి గేటు దగ్గరికి పారిపోయినవాడు, ఒక్క పేరే కదే అన్నవాడు. నెస్టాకి ఏడుపొచ్చింది, మొగుడి మీద అంత జాలి, అంత కోపం ఎప్పుడూ కలగలేదు.

చేతులు మాత్రం ఏడవలేదు. వాటికి ఈ పని తెలుసు. నడుం దగ్గర దోపిన కొస లాగింది, భుజం మీదినుంచి విప్పింది, బిడ్డ మెడ దగ్గర వేలు పోనిచ్చి బిగువు సడలించింది, చేతులు, తరువాత కాళ్ళు. గోధుమరంగు శాలువా బెంచీ మీద పడింది. తెల్ల గౌనులో బిడ్డ చలికి వణికి, కాళ్ళు బారచాపి, కసిగా ఏడ్చాడు. వంగి వాసన చూసింది. పాలు. చెమట. తన బిడ్డ. వాణ్ణి గుండెకి పట్టుకుని, కైన్వెన్ మోకాళ్ళు దాటుకుని, నడవలోకి వచ్చింది. నడక బాగా పొడుగనిపించింది. పాస్టరుగారు చేతులు చాపి బిడ్డను తీసుకున్నారు, ఆయనకి పేరు ముందే చెప్పి ఉంచారు, ఆ పేరుకి పెదవులు సిద్ధంగా ఉన్నాయి.

"ఏం పేరమ్మా?"

"ఎల్గన్," అంది నెస్టా. చాపెల్ చివరి బెంచీ దాకా వినిపించేలా అంది, కొండకి చెప్పినట్టు.

ఆయన ఆమె భుజం మీదుగా బెంచీ వైపు చూశారు. అక్కడ ఏం చూశారో, మొహం పాలిపోయింది. అయినా వేళ్ళు నీళ్ళలో ముంచారు. "ఎల్గన్," అన్నారు. నీళ్ళు నుదుటి మీద పడగానే బిడ్డ ఏడుపు మింగి, ఎవరిదో కొత్త గొంతు విన్నట్టు కళ్ళు విప్పాడు. అయిపోయింది. ఇక మార్చేవాడు లేడు. నెస్టా బిడ్డను తిరిగి చేతుల్లోకి తీసుకుంది, గెలిచానన్న ఉత్సాహం వచ్చింది, అత్తగారి తిట్లకి, కన్నీళ్ళకి, మళ్ళీ ఆ మౌనానికి సిద్ధపడి వెనక్కి తిరిగింది.

కైన్వెన్ ఇటు చూడనే లేదు. కోపం లేదు, ఏడుపు లేదు. ఆవిడ శాలువా చేతుల్లోకి తీసుకుంది. దులిపింది. మళ్ళీ కూర్చున్న కొడుకు పక్కకి జరిగి, వెనక నుంచి అతని భుజాల మీదుగా కప్పి, ఒక కొస గడ్డం కింద దోపి, రెండోది గుండెల మీదుగా తిప్పి గట్టిగా బిగించింది. గుప్పిట్లో దాచిన పిప్పరమెంటు బిళ్ళ తీసి అతని నోట్లో పెట్టింది. మెర్విన్ చేతులు మోకాళ్ళ మీద ఉన్నాయి, గొర్రెల కొమ్ములు వంచే చేతులు. అవి లేవలేదు. నడవలో నిలబడ్డ పెళ్ళాన్ని చూశాడు, ఆమె చేతుల్లో తడి నుదురుతో ఉన్న ఎల్గన్‌ని చాలాసేపు చూశాడు. రావద్దన్నట్టు, కనిపించీ కనిపించనట్టు, తల అడ్డంగా ఊపాడు. శాలువా సరిగ్గా కూర్చోవాలని భుజాలు కొంచెం ముడుచుకున్నాడు.

"చలేస్తోందా, ఇథెల్?" అంది కైన్వెన్.

"లేదమ్మా," అన్నాడు.